మానేసిన హెచ్‌ఐవీ మందులు మళ్ళీ మొదలుపెడితే ఎవరికి లాభం?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ అన్నయ్య లారీ డ్రైవరు. 2017లో హెచ్‌ఐవీ బయటపడింది, ఏఆర్‌టీ మందులు, అంటే ఆ వైరస్‌ను అణచిపెట్టే మందులు మొదలుపెట్టాడు. తల తిరుగుతోందని, రాత్రిళ్ళు బండి నడపడం కష్టంగా ఉందని అంటూనే ఎలాగో వాడాడు. 2020 లాక్‌డౌన్‌లో గ్యాప్ వచ్చింది. ఆ తర్వాత మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ గడప తొక్కలేదు. ఈ మధ్య బరువు తగ్గాడు, దగ్గు వదలడం లేదు. వెళ్ళమంటే "ఇన్నేళ్ళు మానేశాక ఇప్పుడేం లాభం, పైగా అందరి ముందూ తిడతారు" అంటున్నాడు. అప్పట్లో సెంటర్ వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తే నంబరే మార్చేశాడు. ఒక్క మనిషి కోసం వాళ్ళకంత ఆరాటం ఎందుకని మీ సందేహం.

నేను కోస్తా జిల్లాల్లో ఏఆర్‌టీ కౌన్సెలర్‌గా చాలా ఏళ్ళు పనిచేశాను. లాభం ఉందా అంటే, కచ్చితంగా ఉంది. మీ అన్నయ్యకు ఉంది, మీ వదినకు ఉంది, ఇంట్లో పిల్లలకు ఉంది. అతను జీవితంలో ఎప్పుడూ చూడని మనుషులకు కూడా ఉంది. ఆరాటం ఎందుకన్న దానికి జవాబు ఆ చివరి మాటలోనే ఉంది కాబట్టి అక్కడికి మెల్లగా వస్తాను.

మందులు మానేసిన కొత్తలో ఎవరికీ ఏమీ కాదు. అసలు మోసం అక్కడే. ఆకలి వేస్తుంది, పని చేసుకోగలుగుతారు, "మందులు లేకపోయినా బాగానే ఉన్నానే" అన్న ధైర్యం వస్తుంది. కానీ మందులు వాడుతున్నంత కాలం కూడా వైరస్ పూర్తిగా పోదు. కొన్ని రోగనిరోధక కణాల్లో నివురుగప్పిన నిప్పులా దాక్కుని ఉంటుంది. మందు ఆగిన రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామంది రక్తంలో మళ్ళీ కనిపిస్తుంది. రోగాలతో పోరాడే సీడీ4 అనే రక్తకణాలు తగ్గడం మొదలవుతుంది. మనిషికి మాత్రం ఇదేమీ తెలియదు.

మధ్యమధ్యలో మందులు ఆపితే శరీరానికి విశ్రాంతి దొరుకుతుందేమోనని ఒకప్పుడు డాక్టర్లే అనుకున్నారు. దాన్ని తేల్చడానికి స్మార్ట్ అనే పెద్ద అధ్యయనం చేశారు. 33 దేశాలు, 5,472 మంది. సగం మందికి మందులు ఆపకుండా ఇచ్చారు, మిగతా సగానికి సీడీ4 బాగున్నప్పుడు ఆపి, పడిపోయినప్పుడు మళ్ళీ ఇచ్చారు. ఆపినవాళ్ళలో మరణం లేదా ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్ల ముప్పు 2.6 రెట్లు ఎక్కువగా తేలడంతో 2006లో ఆ ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. గుండె, కిడ్నీ, లివర్ జబ్బులు కూడా వాళ్ళలోనే ఎక్కువ కనిపించాయి. అంటే మీ అన్నయ్య మళ్ళీ మొదలుపెట్టడం వల్ల ముందుగా బాగుపడేది అతనే. ఇది గట్టిగా చెప్పాలి. "సమాజం కోసం మందు వేసుకో" అంటే ఎవరూ వేసుకోరు, వేసుకోనక్కర్లేదు కూడా.

ఇక మిగతావాళ్ళ సంగతి. ఒకరికి హెచ్‌ఐవీ ఉండి మరొకరికి లేని 1,763 జంటలతో తొమ్మిది దేశాల్లో ఒక పరిశోధన జరిగింది. మన చెన్నై, పుణె కూడా అందులో ఉన్నాయి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకు మందులు త్వరగా మొదలుపెడితే జీవిత భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గిందని 2011లో ఫలితం వచ్చింది. తర్వాత యూరప్‌లో పార్ట్‌నర్ పేరుతో జరిగిన రెండు అధ్యయనాల్లో, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క) 200 కాపీల లోపు ఉన్నవాళ్ళ జంటలను గమనించారు. కండోమ్ లేకుండా కలిసిన సందర్భాలు మొత్తం లక్షకు పైనే. ఆ భాగస్వామి నుంచి ఈ భాగస్వామికి సోకిన కేసు ఒక్కటి కూడా లేదు. మందులతో వైరస్ పరీక్షకు అందనంత తగ్గితే సెక్స్ ద్వారా ఇతరులకు సోకదని ఈ రోజు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా స్పష్టంగా చెబుతోంది.

ఇప్పుడు దీన్ని తిప్పి చూడండి. మందులు మానేసిన మనిషిలో ఆ రక్షణ కొన్ని వారాల్లోనే పోతుంది. పోయిందని అతనికీ తెలియదు, భార్యకూ తెలియదు. 2016 నాటి పరిస్థితి మీద అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వేసిన లెక్క ఒకటి ఉంది, నాకు బాగా గుర్తుండిపోయింది. అక్కడ కొత్తగా సోకిన ప్రతి వందలో సుమారు 38 తమకు హెచ్‌ఐవీ ఉందని తెలియనివాళ్ళ నుంచి వచ్చాయి. దాదాపు 43 మాత్రం, ఉందని తెలిసి కూడా వైద్యానికి దూరంగా ఉన్నవాళ్ళ నుంచి. వైద్యానికి వస్తున్నా వైరస్ అదుపులోకి రానివాళ్ళ నుంచి 20. అదుపులో ఉన్నవాళ్ళ నుంచి సున్నా. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలో తెలిసీ వైద్యంలో లేనివాళ్ళు నాలుగో వంతు కూడా లేరు. అయినా కొత్త కేసుల్లో పెద్ద వాటా వాళ్ళ వైపు నుంచే. దేశం వేరు కాబట్టి ఆ అంకెలు మనకు అచ్చంగా సరిపోవు. వైరస్ పనితీరు మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

ఫోన్ల మీద ఫోన్లు అందుకే. మీ అన్నయ్యకు పరీక్ష అయిపోయింది, రోగం తెలుసు, రికార్డు ఉంది, మందు ఉచితం. కొత్తగా ఒక కేసును కనిపెట్టాలంటే ఎన్ని ఊళ్ళలో క్యాంపులు పెట్టాలో, ఎంతమందికి సూది గుచ్చాలో మాకు తెలుసు. మానేసినవాళ్ళలో ఒక్కరు తిరిగివచ్చి నిలబడితే అంతకు తక్కువ ప్రయోజనం ఏమీ కాదు. 2021 అంచనాల ప్రకారం ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 3.21 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. మహారాష్ట్ర తర్వాత దేశంలో ఇదే ఎక్కువ. వరుసగా మూడు నెలలు రాకపోతే రిజిస్టర్‌లో ఎల్‌ఎఫ్‌యూ, అంటే జాడ తప్పిపోయినవాళ్ళు అని పడుతుంది. అలా జారిపోయినవాళ్ళను వెతికి తీసుకురావడానికే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2017లో మిషన్ సంపర్క్ అని ప్రత్యేకంగా మొదలుపెట్టింది. అదే ఏడాది సీడీ4 ఎంత ఉన్నా అందరికీ మందులివ్వాలన్న విధానం వచ్చింది. చేర్చుకున్నవాళ్ళు నిలవకపోతే ఆ విధానం కాగితం మీదే మిగులుతుంది.

మన వాళ్ళు ఎక్కువగా పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. టీబీ. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టిన మాట దగ్గు. మన దేశంలో చాలామంది ఊపిరితిత్తుల్లో టీబీ క్రిమి నిద్రపోతూ ఉంటుంది. రోగనిరోధక శక్తి ఉన్నంతకాలం అలాగే ఉంటుంది. హెచ్‌ఐవీ ఉండి మందులు లేని మనిషిలో అది లేచే ప్రమాదం మామూలు వాళ్ళకంటే పది రెట్లకు పైనే. హెచ్‌ఐవీ కలిసి తింటే రాదు, పక్కన పడుకుంటే రాదు. టీబీ అలా కాదు, గాలిలో వస్తుంది. ఒకే గదిలో పడుకునే పిల్లలు, మంచం పట్టిన మీ అమ్మగారో నాన్నగారో, లారీ క్యాబిన్‌లో పక్కన కూర్చునే క్లీనరు... వీళ్ళెవరికీ హెచ్‌ఐవీతో సంబంధం లేదు. అయినా మీ అన్నయ్య మందులు మానేసిన ఫలితం వాళ్ళ దాకా వెళ్తుంది. ఏఆర్‌టీ మళ్ళీ మొదలుపెట్టి, టీబీ లేదని తేలాక నివారణ మాత్రలు కూడా వాడితే ఈ దారి చాలావరకు మూసుకుంటుంది.

పిల్లలు పుట్టబోయే ఇంట్లో అయితే లెక్క మరీ స్పష్టం. ఏ మందూ లేకపోతే తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ వచ్చే అవకాశం 15 నుంచి 45 శాతం. సరిగ్గా మందులు వాడితే 5 శాతం లోపు. మధ్యలో మానేసిన ఆడవాళ్ళు గర్భం వచ్చాక భయపడి ఎవరికీ చెప్పకుండా ఉండిపోవడం చూశాను. ఆ స్థితిలో ప్రతి వారమూ విలువైనదే, ఆలస్యం అయిందని ఆగకూడదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. సిబ్బందిలో కొందరు కూడా అంటుంటారు: "మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ మానేస్తాడు. దాంతో రెసిస్టెన్స్ వస్తుంది, అంటే వైరస్ మందుకు లొంగదు, ఆ మొండి వైరస్ ఊరంతా పాకుతుంది. ఇవ్వకపోవడమే నయం." ఇది పూర్తిగా కొట్టిపారేయాల్సిన మాట కాదు, పాత రోజుల్లో కొంత నిజం ఉండేది. అప్పటి నెవిరపిన్, ఎఫావిరెంజ్ మందులు ఆపేశాక కూడా రక్తంలో చాలా రోజులు ఉండిపోయేవి. జతలోని మిగతా మందులు వెళ్ళిపోయి, ఒక్కటే మిగిలి వైరస్‌తో పోరాడుతుంటే వైరస్ దానికి అలవాటు పడేది. ఇప్పుడు సెంటర్లలో ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ, అంటే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే మాత్ర. డోలుటెగ్రావిర్‌ను వైరస్ తట్టుకుని నిలవడం చాలా కష్టం. అసాధ్యం అనను, అరుదు. కాబట్టి పాత భయంతో ఇప్పటి మనిషిని వెనక్కి పంపడం తప్పు.

రెసిస్టెన్స్‌కు నిజంగా దారితీసేది పూర్తిగా మానేయడం కంటే అరకొరగా వేసుకోవడం. రోజు విడిచి రోజు వేసుకోవడం, డబ్బా ఎక్కువ రోజులు రావాలని సగం చేసి మింగడం, భార్యాభర్తలిద్దరిలో ఒకరే సెంటర్‌కు వెళ్ళి ఆ ఒక్క డబ్బాలోవే ఇద్దరూ పంచుకోవడం. ఈ చివరిది నమ్మరు గానీ చాలా ఇళ్ళలో జరుగుతుంది. రెండోవాళ్ళు బయటపడటానికి భయపడతారు, అంతే.

ఇప్పుడు తిట్ల సంగతి. మీ అన్నయ్య భయం ఊహ కాదు, ఒప్పుకుంటాను. కొన్ని చోట్ల తిడతారు. మందు అయిపోయాక రెండు రోజులు ఆలస్యంగా వచ్చినా గొంతు పెంచే వాళ్ళున్నారు. నా అభిప్రాయంలో అది మర్యాదకు సంబంధించిన లోపం మాత్రమే కాదు, వైద్యపరమైన పొరపాటు. ఆ రోజు తిట్లు తిన్న మనిషి తర్వాతిసారి రెండు రోజుల ఆలస్యం అయితే అసలు రాడు, వారాలు నెలలవుతాయి. లైన్‌లో నిలబడి విన్న ఇంకో నలుగురు కూడా మనసులో రాసిపెట్టుకుంటారు.

పైగా మానేసిన ప్రతివాళ్ళదీ నిర్లక్ష్యం కాదు. పనికోసం వలస వెళ్ళినవాళ్ళు, కొత్త పెళ్ళయి అత్తారింట్లో మాత్ర ఎక్కడ దాచాలో తెలియని అమ్మాయిలు, రిపోర్టులో వైరస్ కనిపించలేదని రాగానే నయమైపోయిందనుకున్నవాళ్ళు, నాటు మందుతో పూర్తిగా పోతుందని ఎవరో చెబితే అప్పుచేసి కొన్నవాళ్ళు. ఒక్కోసారి తప్పు వ్యవస్థదే. 2022లో మందులు సరిగ్గా అందడం లేదని హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్ళు ఢిల్లీలో నాకో ఆఫీసు ముందు వారాల తరబడి ధర్నా చేశారు. మీ అన్నయ్యకైతే లాక్‌డౌన్. దారులన్నీ మూసేసిన రోజుల్లో ఆగినదానికి ఇవాళ అతన్ని దోషిలా నిలబెట్టడంలో అర్థం లేదు.

దక్షిణాఫ్రికా వాళ్ళు ఈ విషయంలో మనకంటే ముందే కళ్ళు తెరిచారు. అక్కడి వెస్టర్న్ కేప్‌లో 2016 నాటికి సీడీ4 బాగా పడిపోయి తీవ్రమైన దశలో ఉన్నవాళ్ళలో సగానికి పైగా కొత్తవాళ్ళు కాదు, ఒకప్పుడు ఏఆర్‌టీ మొదలుపెట్టినవాళ్ళే. కేప్‌టౌన్ పక్కనున్న ఖయెలిత్షాలో ఎంఎస్‌ఎఫ్ అనే అంతర్జాతీయ వైద్య సేవా సంస్థ తిరిగివచ్చేవాళ్ళ కోసం వెల్‌కమ్ సర్వీస్ అనే ప్రత్యేక ఏర్పాటు చేసింది. పేరులోనే ఉంది కదా. ఎందుకు మానేశావని నిలదీయడం కాకుండా, ఏం అడ్డొచ్చిందని అడగడం దాని పద్ధతి. మన దగ్గర కూడా మంచి కౌన్సెలర్లు బోర్డు పెట్టకుండానే ఈ పని చేస్తుంటారు. అలాంటివాళ్ళు దొరికితే మీ అదృష్టం. దొరక్కపోతే టోల్‌ఫ్రీ నంబర్ 1097కు ఫోన్ చేసి దగ్గర్లోని ఇంకో సెంటర్ వివరం అడగండి. పాత సెంటర్‌కే వెళ్ళి తీరాలని లేదు.

వెళ్ళేముందు ఒక ముఖ్యమైన జాగ్రత్త. ఇంట్లో పాత డబ్బా ఏదైనా మిగిలి ఉందని సొంతంగా మొదలుపెట్టనివ్వకండి. పాతబడిన మాత్రలు కావడం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, ఇన్నేళ్ళ గ్యాప్ తర్వాత సీడీ4 200 లోపు పడిపోయి ఉండవచ్చు. అప్పుడు ముందు టీబీ ఉందా, మెదడు పొరల్లో క్రిప్టోకాకస్ అనే ఫంగస్ ఉందా అని చూడాలి. మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ ఉంటే దానికి వైద్యం మొదలుపెట్టి, ఏఆర్‌టీ కొన్ని వారాలు ఆగి ఇస్తారు. ముందే ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి దగ్గు సంగతి మొదటి రోజే డాక్టర్‌కు చెప్పాలి. తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే అదీ చెప్పాలి. సీడీ4, కళ్ళె పరీక్ష, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసేది), హెపటైటిస్ బి పరీక్షలు చేస్తారు. హెపటైటిస్ బి ఎందుకంటే, టీఎల్‌డీలోని రెండు మందులు ఆ వైరస్ మీద కూడా పనిచేస్తాయి. ఆ జబ్బు కూడా ఉన్నవాళ్ళు హఠాత్తుగా మానేస్తే లివర్ దెబ్బతినవచ్చు. టీబీ అని తేలి రిఫాంపిసిన్ అనే టీబీ మందు ఇస్తే డోలుటెగ్రావిర్ మాత్ర పన్నెండు గంటల తేడాతో ఇంకొకటి అదనంగా రాస్తారు. "రెండెందుకు" అని ఒకటి మానేయకూడదు.

మొదలుపెట్టిన తొలి వారాల్లో జ్వరం, గడ్డలు వాయడం, దగ్గు ఎక్కువవడం కనిపిస్తే "మందు పడలేదు" అని మళ్ళీ ఆపేస్తారు. రోగనిరోధక శక్తి ఒక్కసారిగా తేరుకుని, లోపల దాగిన ఇన్ఫెక్షన్ మీద విరుచుకుపడటం వల్ల అలా జరుగుతుంది. మాత్ర ఆపకుండా సెంటర్‌కు వెళ్ళాలి.

మీ అన్నయ్యకు ఊరటనిచ్చే సంగతి కూడా చెప్పండి. 2017లో అతను వాడింది చాలావరకు ఎఫావిరెంజ్ ఉన్న మాత్రే అయి ఉంటుంది. తల తిరగడం, పిచ్చి కలలు, పొద్దున్నే మత్తు దాని లక్షణాలే. డ్రైవర్లు ఎంతమంది ఆ బాధతోనే మానేశారో. టీఎల్‌డీతో ఆ బాధ చాలా తక్కువ, పగలు కూడా వేసుకోవచ్చు. పనిచేయడం కూడా వేగం. కొత్తగా మందు మొదలుపెట్టినవాళ్ళ మీద చేసిన ఒక పరిశోధనలో వైరస్ అదుపులోకి రావడానికి ఎఫావిరెంజ్‌తో సగటున 84 రోజులు పడితే డోలుటెగ్రావిర్‌తో 28 రోజులే పట్టింది. గ్యాసుకు తాగే సిరప్పులు, కాల్షియం, ఐరన్ మాత్రలు మాత్రం దీన్ని ఒంటికి పట్టనివ్వవు. టీఎల్‌డీ వేసుకున్న రెండు గంటల తర్వాతో, ఆరు గంటల ముందో వాటిని వాడాలి. ఇంకొకటి, తాగిన రోజు మాత్ర వేసుకోకూడదని చాలామంది నమ్ముతారు. తాగమని నేను చెప్పను, కానీ తాగిన రోజున కూడా మాత్ర మానకూడదు.

లారీ మీద రోజుల తరబడి తిరిగేవాళ్ళు చికిత్స పుస్తకం, మాత్రలు వెంట ఉంచుకోవాలి. దారిలో మందు అయిపోతే ఏ రాష్ట్రంలోనైనా దగ్గరున్న ఏఆర్‌టీ సెంటర్‌లో పుస్తకం చూపించి అడగవచ్చు. నిలకడగా ఉన్నవాళ్ళకు ఒకేసారి ఎక్కువ నెలల మందు ఇచ్చే పద్ధతి కూడా ఉంది, ట్రిప్పుల సంగతి కౌన్సెలర్‌కు వివరంగా చెప్పమనండి. ఊళ్ళో తెలుస్తుందన్న భయం ఉంటే, 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మామూలుగా అతని అనుమతి లేకుండా వివరాలు బయటపెట్టకూడదని తెలియజేయండి.

చివరగా మీ వదిన. ఆమెకు పరీక్ష ఎప్పుడు చేయించారో మీరు రాయలేదు. 2017లో నెగెటివ్ వచ్చినా ఇప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు, ఈ మధ్య ఏళ్ళలో అతనికి మందు రక్షణ లేదు. ఇద్దరూ ఒకే రోజు వెళ్తే మంచిది, ఐసీటీసీలో, అంటే ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్ష, సలహా కేంద్రంలో పరీక్ష ఉచితం. నెగెటివ్ వస్తే మూడు నెలల తర్వాత మరోసారి చేయించాలి. అతని వైరల్ లోడ్ అదుపులోకి వచ్చిందని రిపోర్టు చేతికందే వరకు కండోమ్ తప్పనిసరి. ఆ పరీక్ష సాధారణంగా మందు మొదలుపెట్టిన ఆరు నెలలకు చేస్తారు. పాజిటివ్ వస్తే ఆమెకూ అదే వారంలో మందులు మొదలుపెట్టవచ్చు, పిల్లలకు కూడా పరీక్ష చేయించాలి. మాత్రల డబ్బాలు ఎవరివి వాళ్ళకే ఉండాలి.